పెద్దవాళ్ల నివాస సముదాయంలో అందరి తోటకు మొక్కలు ఎంచుకోవడం ఎలా: బెంగళూరు నేలకు, నీటికి తగిన పద్ధతి

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే పిల్లలకు దగ్గరగా ఉండాలని ఆంధ్ర, తెలంగాణ ఊళ్ల నుంచి వచ్చి, వైట్‌ఫీల్డు, సర్జాపుర, దేవనహళ్ళి వైపు పెద్దవాళ్ల కోసమే కట్టిన నివాస సముదాయాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అలాంటి చోట తోట బాగోగులు ఏదో ఒకనాటికి బిల్డరు చేతి నుంచి నివాసుల సంఘం చేతికి వస్తాయి. అప్పటికి పచ్చిక సగం ఎండిపోయి, గేటు దగ్గర వరుసగా నిలబెట్టిన పామ్ మొక్కలు పసుపెక్కి ఉంటాయి కాబట్టి, ఈసారి మొక్కలను మనమే చూసి వేసుకుందామన్న మాట సర్వసభ్య సమావేశంలో రాకమానదు. ఆ పని మీద పడినవారికి ఈ వివరాలు ఉపయోగపడతాయి. ఇందులోని పద్ధతి అంతా ఒక వరుసను బట్టి నడుస్తుంది: ముందు మనుషులను చూడాలి, తరువాత చోటును, నీటిని చూడాలి, మొక్క పేరు ఆఖరున రావాలి. నచ్చిన మొక్కను కొని తెచ్చి, ఆ తరువాత దానికి చోటు వెతకడం సొంత ఇంటి పెరట్లో చెల్లుతుంది గాని, డెబ్బై దాటిన వందమంది రోజూ నడిచే తోటలో చెల్లదు.

1. మనుషుల లెక్క

నర్సరీకి బయలుదేరే ముందు ఒక వారం పాటు తోటను ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా గమనించండి. పెద్దవాళ్లు తోటలో గడిపేది ఎక్కువగా ఆ రెండు వేళల్లోనే. సముదాయం ప్లాను నకలు ఒకటి దగ్గర పెట్టుకుని, ఎవరు ఏ దారిన నడుస్తున్నారు, ఏ బెంచీ ఎప్పుడూ నిండి ఉంటోంది, వాకరుతో నడిచేవారు ఏ మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటున్నారు, చక్రాల కుర్చీని తోసేవారు ఏ గట్టు దగ్గర వెనక్కి తిరుగుతున్నారు అన్నది దాని మీదే గుర్తులు పెట్టండి. ఒక బెంచీ ఎప్పుడూ ఖాళీగా ఉంటోందంటే దానికి కారణం తరచుగా మొక్కే అయి ఉంటుంది. పడమటి ఎండకు అడ్డం లేక అది నేరుగా ముఖాన కొట్టవచ్చు, వెనక పొద దట్టంగా పెరిగి దోమలు ముసరవచ్చు, పైకొమ్మ మీద కాకులు కాపురం పెట్టి ఉండవచ్చు.

సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి ఉదయాలు చల్లగా ఉంటాయి. ఆ వేళ పెద్దవాళ్లు వెతుక్కునేది నీడను కాదు, లేత ఎండను. అందుకని ఉదయం కూర్చునే బెంచీలకు తూర్పున పెద్ద చెట్టు వేయకండి. మార్చి, ఏప్రిల్ సాయంత్రాల కోసం పడమర వైపు మాత్రం నీడ తప్పకుండా ఉండాలి.

ఇంకొక లెక్క కాస్త సున్నితమైనది. మతిమరుపు జబ్బు ఉన్నవారు, చూపు మందగించినవారు, ఉబ్బసం ఉన్నవారు, రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారు ఎంతెంతమంది ఉన్నారో, పేర్లు అడగకుండా సంఖ్యలు మాత్రమే, సముదాయంలోని నర్సు దగ్గర తెలుసుకోండి. వయసు మీద పడిన కొద్దీ కంటి కటకం పసుపు రంగుకు తిరిగి, నీలం, ఊదా రంగులు మసకగా కనిపిస్తాయి. పసుపు, నారింజ, ఎరుపు పూలు బాగా ఆనుతాయి, మసక చీకట్లో తెల్లపూలు ఆనుతాయి. ఎలాంటి పూలను దారి పక్కన పెట్టాలి, ఏ ముళ్లను పూర్తిగా మానుకోవాలి అన్నవి ఈ సంఖ్యలను చూశాకే తేలతాయి.

2. నేల, లోతు, నీరు

తోట అసలైన నేల మీద ఉందా, కార్ల పార్కింగు స్లాబు మీద ఉందా అన్నది ముందు తెలుసుకోవాలి. ఇప్పుడు కట్టే సముదాయాల్లో చాలావరకు రెండూ కలిసి ఉంటాయి. పైనుంచి చూస్తే తేడా తెలియదు కాబట్టి బిల్డరు ఇచ్చిన నక్షా చూడండి. తడిసిన మట్టి ఘనపు మీటరుకు సుమారు 1.8 టన్నులు తూగుతుంది. అంటే 60 సెంటీమీటర్ల మట్టి పోస్తే చదరపు మీటరుకు ఒక టన్ను బరువు స్లాబు మీద పడుతుంది. ఇంజినీరు ఒప్పుకోకుండా అక్కడ మట్టి ఎత్తు పెంచకూడదు, వేళ్లు లోతుకు పోయే చెట్టును పెట్టకూడదు. 45 సెంటీమీటర్ల మట్టిలో నందివర్ధనం, కనకాంబరం, మల్లె వంటి పొదలు హాయిగా బతుకుతాయి. వాటితోనే సరిపెట్టుకోవాలి.

అసలు నేల ఉన్న చోట బెంగళూరుది ఎర్రమట్టి. మంచి నేలే గాని, కట్టుబడి జరిగిన చోట పై మట్టి కింద ఇటుక ముక్కలు, సున్నం, సిమెంటు రద్దు ఉంటాయి. మూడు నాలుగు చోట్ల 45 సెంటీమీటర్ల లోతు గుంతలు తీయించి, ఒకసారి నీళ్లు నింపి ఇంకనిచ్చి, మళ్లీ నింపి చూడండి. గంటకు రెండు సెంటీమీటర్లయినా దిగని చోట అడుగున రద్దో, గట్టిపడిన మన్నో ఉన్నట్టు లెక్క. దాన్ని తవ్వించి తీసేదాకా అక్కడ ఏం నాటినా డబ్బు దండగే. నూరువరహాలు వంటి మొక్కలకు పులుపు నేల కావాలి. సున్నం కలిసిన మట్టిలో, బోరు ఉప్పునీటిలో వాటి ఆకులు ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా మారతాయి. పక్క సముదాయంలో నూరువరహాల కంచె అలా పసుపెక్కి ఉంటే మీరు దాన్ని వేయకపోవడమే మంచిది.

2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకు వాడకూడదని నిషేధించి, మీరినవారికి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. అలాంటి ఎండాకాలం మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు కాబట్టి, మీ తోట ఏప్రిల్‌లో శుద్ధిచేసిన మురుగునీటితోనే బతకాలన్న లెక్కన మొక్కలు ఎంచుకోండి. ఆ నీటిలో ఉప్పు శాతం ఎక్కువ. మెట్టతామర, కాగితం పూలు, వట్టివేరు, కానుగ దాన్ని బాగానే తట్టుకుంటాయి. ఆ నీటిని స్ప్రింక్లర్లతో చిమ్మించకండి, తుంపరలను పెద్దవాళ్లు పీల్చే వీలుంటుంది. మట్టిలో పూడ్చిన డ్రిప్ గొట్టాలతో వేరు దగ్గరికే పంపండి. దారికి అడ్డంగా పడి ఉండే రబ్బరు పైపు కాలికి తగులుకుని జరిగే ప్రమాదం కూడా దానితో తప్పుతుంది. ఆకుకూరలకు ఆ నీరు అసలే వద్దు.

పచ్చిక గురించి ఒక్క లెక్క చాలు. ఎండాకాలంలో చదరపు మీటరు పచ్చికకు రోజుకు నాలుగైదు లీటర్ల నీరు కావాలి. వెయ్యి చదరపు మీటర్లున్న చోట అది రోజుకో చిన్న ట్యాంకరుకు దగ్గరగా వెళుతుంది. మనవలు వచ్చినప్పుడు ఆడుకోవడానికి ఒక చిన్న ముక్క ఉంచి, మిగిలిన పచ్చిక తీసేయడం మంచిది.

3. ముందుగా కొట్టివేయవలసినవి

ఏ మొక్కలు వేయాలన్న జాబితాకన్నా ఏవి వేయకూడదన్న జాబితాను ముందు రాసుకుంటే సమావేశాల్లో వాదనలు సగం తగ్గుతాయి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

అన్నిటికన్నా ముందు కొట్టివేయవలసింది పచ్చగన్నేరు. దాని పప్పు ఎంత ప్రమాదమో మన ఊళ్లలో పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. అది గుండె లయను దెబ్బతీస్తుంది. అయినా శివపూజకు పనికివస్తుందని ఎవరో ఒకరు దాన్ని అడుగుతారు. మతిమరుపు ఉన్నవారు చేతికందిన కాయను నోట్లో పెట్టుకోవడం అరుదేమీ కాదు కాబట్టి ఇక్కడ మినహాయింపు ఉండకూడదు. మామూలు గన్నేరులోనూ ప్రతి భాగమూ విషమే. ఎవరూ నడవని ప్రహరీ అంచున తప్ప దానికి చోటివ్వకండి, మతిమరుపు ఉన్నవారి విభాగం ఉంటే అక్కడా వద్దు. ఉమ్మెత్త, గురువింద తీగ, పళ్లు కాసే డురాంటా కంచె ఇదే వరుసలోకి వస్తాయి. వరండాలో అందంగా కనిపించే డిఫెన్‌బాకియా ఆకును కొరికితే నోరు, గొంతు మండి వాచిపోతాయి. ఆ కుండీని ఈరోజే తీయించవచ్చు.

తరువాత చూడవలసినవి ముళ్లు, పదునైన అంచులు. పెద్దవాళ్ల చర్మం పలచబడి చిన్న గీతకే చిరుగుతుంది, రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారికి ఆ చిన్న గీత నుంచే చాలాసేపు రక్తం కారుతుంది. కాగితం పూల తీగ ప్రహరీ మీద ఎంత అందమో, చేతికర్రతో నడిచేవారి పక్కన అంత ఇబ్బంది. గులాబీని దారి అంచుకు ఒక మీటరైనా దూరంగా ఉంచండి. నిమ్మగడ్డి వాసన అందరికీ ఇష్టమే గాని దాని ఆకు అంచు బ్లేడులా కోస్తుంది, అది మడి మధ్యలో ఉండాలి గాని అంచున ఉండకూడదు.

కింద రాలేవాటిని చాలామంది పట్టించుకోరు. జూన్, జూలై నెలల్లో నేరేడు చెట్టు కింద దారి ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. పండు నలిగి ఊదా రంగు గుజ్జు పలకల సందుల్లోకి దిగి ఉంటుంది, దాని మీద వాన పడితే కుర్రవాళ్లకే కాలు జారుతుంది. పడిపోవడమంటే ఈ వయసులో తుంటి ఎముక విరగడమే కావచ్చు. నేరేడు కావాలనుకుంటే దారికి ఎనిమిది, పది మీటర్ల దూరంలో వేయండి. బాదం ఆకులు, తడిసిన తురాయి పూరేకులు, నరమామిడి కాయల కోసం వచ్చే గబ్బిలాల రెట్ట కూడా ఇలాంటివే. మారేడుకు గట్టి కాయలతో పాటు ముళ్లు కూడా ఉంటాయి. గుడి వెనక, తలల మీద పడని చోట అయితే సరే.

విరిగే కొమ్మలది ఇంకో సంగతి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే గాలివానకు ఈ ఊళ్లో ఏటా చెట్లు పడతాయి. తురాయి, నిద్రగన్నేరు, ఆకాశమల్లె కొమ్మలు పెళుసుగా ఉంటాయి. బయటి రోడ్ల మీద అవి పూస్తే చూసి ఆనందించవచ్చు గాని బెంచీ మీదుగా వద్దు. కొబ్బరి చెట్టు కింద దారి ఉండకూడదన్నది ఎలాగూ తెలిసిందే.

ఉబ్బసం ఉన్నవారి కోసం మూడు మాటలు. ఏడాకుల పాల చెట్టు శరదృతువులో పూసినప్పుడు రాత్రిపూట ఆ ఘాటైన వాసన కిటికీలు మూసినా వదలదు. నైట్‌క్వీన్ పొద కూడా పడకగది కిటికీ కింద అంతే బాధ పెడుతుంది. ఇక ఎవరూ నాటకుండానే వచ్చే వయ్యారిభామ బెంగళూరు ఖాళీ స్థలాలన్నిటా ఉంటుంది. పూతకు రాకముందే, చేతికి తొడుగులు వేసుకుని, వేళ్లతో పీకించాలి.

ఆకు మొదట్లో నీరు నిలవ ఉంచుకునే బ్రొమీలియా వంటివి, అడుగున పళ్లెం పెట్టిన కుండీలు కూడా జాబితాలో రాయండి. డెంగీ దోమకు అంత శుభ్రమైన నీరే కావాలి.

4. నీడ చెట్లు

ఇక్కడ తొందర పడకండి. పొద నచ్చకపోతే వచ్చే ఏడాది తీసేయవచ్చు గాని, చెట్టు సంగతి అలా కాదు. కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం 1976లో వచ్చింది. దాని ప్రకారం చాలా చెట్లను కొట్టాలంటే, అవి మీ ఆవరణలోనే ఉన్నా, వృక్షాధికారి అనుమతి కావాలి. అందువల్ల నాటేటప్పుడే ముప్పై ఏళ్ల తరువాత అది ఎంత వెడల్పు ఉంటుందో ఊహించుకుని నాటండి.

పడమటి ఎండను ఆపడానికి కానుగను మించినది లేదు. అది ఈ నేలదే, నీరు తక్కువైనా ఓర్చుకుంటుంది, ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చినా కొన్నాళ్లలోనే కొత్త చిగురు వేసి దట్టమవుతుంది. పూలు, కాయలు రాలే రోజుల్లో రోజూ ఊడ్చే మనిషి ఉండాలి. పొగడ నెమ్మదిగా పెరుగుతుంది, కానీ ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, కొమ్మలు గట్టివి, పూలు ఎండినా వాసన పోదు. బిడ్డల కాలానికి గాని నీడనివ్వదని కొందరు దాన్ని వద్దంటారు. కానుగ, పొగడ పక్కపక్కనే తగిన ఎడంతో వేస్తే మొదటిది ఇప్పటికి, రెండోది తరువాతికి పనికివస్తుంది. సంపెంగకు ఈ చల్లని ఎత్తు బాగా సరిపడుతుంది. కాకపోతే దాని గింజల కోసం పక్షులు చేరతాయి కాబట్టి బెంచీకి నేరుగా పైన ఉండకుండా చూడండి.

ఉసిరిని మరిచిపోకండి. కార్తీకమాసంలో వనభోజనాలకు బస్సు మాట్లాడుకుని ఎక్కడికో వెళ్లలేని వయసులో, ముంగిట్లోనే ఉసిరి చెట్టు ఉండడం ఎంతో ఊరట. దాని చుట్టూ ముప్పై మంది కుర్చీలు వేసుకుని కూర్చునేంత ఖాళీ స్థలం, చక్రాల కుర్చీలు వచ్చేంత గట్టి నేల ఇప్పుడే వదలండి, చెట్టు ఎదిగాక వెతికితే దొరకదు. కాపు బరువుకు కొమ్మలు విరుగుతాయి కాబట్టి చిన్నప్పుడే కత్తిరించి నాలుగైదు గట్టి కొమ్మలు మాత్రమే ఉంచాలి.

ప్రహరీకి, భవనానికి కనీసం ఐదు మీటర్లు ఎడం ఉంచండి. రావి, మర్రి నాటాలన్న కోరిక గుడి ఉన్న చోట సహజంగానే వస్తుంది. మురుగు గొట్టాలు, గోడలు దగ్గరగా ఉన్న సముదాయంలో వాటికి చోటు లేదు.

5. పూజ పూలు

అందరి తోటలో గొడవలకు మొదటి కారణం ఇదే. తెల్లవారుజామున పాలిథిన్ సంచి, కొస్సన కొక్కెం కట్టిన కర్ర పట్టుకుని బయలుదేరేవారిద్దరు, ముగ్గురు ప్రతి సముదాయంలోనూ ఉంటారు. ఏడింటికి నడకకు వచ్చినవారికి మొగ్గలు కూడా మిగలవు. "నిన్న కూడా దేవుడికి రెండు పూలే దక్కాయండీ" అన్న మాట వాట్సాప్ గ్రూపుకెక్కుతుంది. పూలు కోయరాదని బోర్డు పెడితే ఎవరూ వినరు. కోసుకోవడానికే అంటూ ఒక వరుస విడిగా వేయడమే పరిష్కారం.

దారికి ఒక పక్కన, ఉదయపు ఎండ తగిలే చోట, నందివర్ధనం, మందారం పొదలను సుమారు మీటరున్నర ఎడంతో ఒక పొడవాటి వరుసగా పెట్టండి. పూజ చేసుకునే ఇళ్లు ఎన్నో లెక్కించి, ఇంటికి ఒక పొద చొప్పున వేస్తే ఎక్కువనిపిస్తుంది గాని నిజానికి అదే సరైన లెక్క. ఈ రెండూ దాదాపు ఏడాదంతా పూస్తాయి, ముళ్లు లేవు. ఏటా కత్తిరించి ఛాతీ ఎత్తుకు మించకుండా ఉంచితే కొక్కెం కర్రతో పని ఉండదు, చేయెత్తి తల తిరిగి పడేవారూ ఉండరు. మందారానికి పిండినల్లి వస్తుంది. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీరు కలిపి ఆకుల అడుగున పిచికారీ చేయించండి. అంతకన్నా ఘాటైన మందులు కోరే మొక్కను పెద్దవాళ్ల తోటలో పెట్టకపోవడం మంచిది.

పారిజాతం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. దాని పూలు రాత్రి విచ్చి తెల్లారేసరికి నేల మీద ఉంటాయి, నేల మీద నుంచి ఏరిన పూలే దేవుడికి పనికివస్తాయి కాబట్టి చెట్టు కింద వంగి ఏరేవారంతా మోకాళ్లు, నడుము నొప్పులున్నవారే. వర్షాకాలం నుంచి శీతాకాలం మొదలు దాకా రోజూ ఇదే వ్యాయామం. దానికి చిన్న ఉపాయం ఉంది. చెట్టు చుట్టూ నాలుగు కర్రలు నడుము ఎత్తున పాతి, సాయంత్రం పాత నూలుచీర వదులుగా కట్టి ఉంచితే తెల్లవారేసరికి పూలన్నీ అందులో ఉంటాయి. బట్ట మీద పడిన పూలను నేల తగలని పూలుగా కొందరు పట్టింపుతో చూస్తారేమో గాని, నడుము పట్టేసినవారెవరూ ఆ ప్రశ్న వేయరు. దాని ఆకు గరుకు, చెట్టు చూడడానికి అందమైనదేమీ కాదు కాబట్టి వెనక వరుసలో ఉంచండి.

మల్లె ఎండాకాలపు పువ్వు. ఇక్కడ చలి ఎక్కువ కాబట్టి డిసెంబరులో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, ఎరువు వేస్తే మార్చి నుంచి మొగ్గ పడుతుంది. సన్నజాజిని బెంచీ వెనక పందిరికి పాకించండి. మసక చీకట్లో తెల్లగా కనిపిస్తుంది, వాసన కూర్చున్నవారికి అందుతుంది. చామంతి, బంతి, కనకాంబరం, డిసెంబరాలు కాలానికి తగ్గట్టు మడుల్లోకి వస్తూ పోతూ ఉండాలి. చామంతి పగలు కురచగా ఉన్నప్పుడే పూస్తుంది కాబట్టి జూన్, జూలైలో పిలకలు నాటితే కార్తీకం నుంచి సంక్రాంతి దాకా పూలుంటాయి. దసరాకు, గొబ్బెమ్మలకు బంతి కావాలంటే రెండు విడతలుగా విత్తాలి.

ఏడాదిలో ఏ నెలా పూత లేకుండా పోకుండా చూసే పద్ధతి ఈ ఊరికి కొత్తదేమీ కాదు. 1908లో మైసూరు సంస్థానానికి వచ్చి లాల్‌బాగ్ బాధ్యత చూసిన జర్మన్ తోటనిపుణుడు క్రుంబీగెల్ బెంగళూరు వీధుల్లో ఒకదాని తరువాత ఒకటి పూసే చెట్లను ఆ లెక్కతోనే పెట్టించారు. మీరూ పన్నెండు గళ్ల కాగితం మీద ఎంచుకున్న మొక్కల పేర్లు, అవి పూసే నెలలు రాసి చూడండి. ఖాళీ గడి ఎక్కడుందో అక్కడికి మొక్క వెతకండి.

మతిమరుపు ఉన్నవారు తిరిగే చోట మాత్రం నోట్లో పెట్టుకున్నా ఏమీ కానివే ఉండాలి. తులసి, వామాకు, పుదీనా, కరివేపాకు, మందారం, మరువం అందుకు తగినవి. వామాకును ఇక్కడివారు దొడ్డపత్రె అంటారు, కొమ్మ విరిచి గుచ్చితే చాలు వస్తుంది, వేళ్లతో నలిపితే వాసన. చలికాలంలో దవనం ఒక చిన్న మడిలో చల్లితే, మనుషుల పేర్లు మరిచిపోయినవారు కూడా ఆ వాసనకు చేయి చాపడం కనిపిస్తుంది.

6. కూరాకు మడులు

వంగలేనివారి కోసం మడినే పైకి లేపాలి. నిలబడి పనిచేసేవారికి 85 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు, చక్రాల కుర్చీని పక్కకు ఆనించి పనిచేసేవారికి 60 సెంటీమీటర్ల ఎత్తు బాగుంటుంది. 45 సెంటీమీటర్ల మడికి వెడల్పాటి అంచు కడితే దాని మీదే కూర్చుని కలుపు తీయవచ్చు. ఒక్క వైపు నుంచే అందే మడి 60 సెంటీమీటర్లకు, రెండు వైపుల నుంచి అందేది 120కి మించకూడదు. మడుల మధ్య దారి చక్రాల కుర్చీ తిరిగేలా కనీసం మీటరున్నర ఉండాలి. ఎత్తు పెరిగే చోట వాలు పన్నెండు అడుగులకు ఒక అడుగు దాటనివ్వకండి.

గోంగూర లేకుండా తెలుగువాళ్ల తోట ఉండదు. అయితే అది పగలు తగ్గగానే పూతకు పోయే మొక్క. అక్టోబరు, నవంబరులో విత్తితే జానెడు ఎదగకుండానే పూస్తుంది. ఫిబ్రవరి చివరి నుంచి జూలై దాకా విత్తండి. చలికాలానికి మెంతి, కొత్తిమీర, పాలకూర, చుక్కకూర వేసుకోవాలి. తోటకూర నెలలోపే కోతకు వస్తుంది కాబట్టి ఫలితం త్వరగా చూడాలనుకునేవారికి అదే అప్పగించండి. పొన్నగంటి కూర, పుదీనా కాడలు గుచ్చితే చాలు. బచ్చలిని జాలీకి పాకిస్తే నిలబడే కోసుకోవచ్చు.

కరివేపాకు ఒక్క చెట్టు పెడితే అది చెట్టుగా మిగలదు. నాలుగైదు చోట్ల వేసి, మీటరు ఎత్తున తల తుంచి గుబురుగా పెంచండి. మునగ కావాలని తప్పకుండా అడుగుతారు. వానాకాలంలో దాని మాను మీద గొంగళిపురుగులు గుంపుగా అతుక్కుని ఉంటాయి. దూరానికి బెరడులాగే కనిపిస్తాయి, చేయి ఆనిస్తే ఒళ్లంతా దద్దుర్లు. కొమ్మలూ పెళుసే. మూలనెక్కడో ఒకటి వేసి, ఏటా కాపు అయ్యాక మీటరు ఎత్తుకు నరికించండి.

7. నర్సరీలో

లాల్‌బాగ్ లోపలి నర్సరీ అమ్మకాల కేంద్రం, హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ నమ్మదగిన చోట్లు. ప్రైవేటు నర్సరీలకు గోదావరి ఒడ్డున ఉన్న మన కడియం నుంచి లారీల్లో మొక్కలు వస్తుంటాయి. మొక్క మంచిదే అయినా అక్కడి వేడికీ ఇక్కడి చలికీ తేడా ఉంది కాబట్టి తెచ్చిన వెంటనే నాటకుండా పది, పదిహేను రోజులు నీడలో ఉంచండి. వేళ్ల చుట్టూ ఉన్న మట్టిముద్ద జిగురుగా, గట్టిగా ఉంటే నీటిలో నానబెట్టి అంచులు వదులు చేశాకే ఎర్రమట్టిలో పెట్టాలి. లేకపోతే వేళ్లు ఆ ముద్దలోనే ఉండిపోతాయి.

పూసి ఉన్నదాన్ని కాదు, వేరు బాగున్నదాన్ని కొనండి. సంచి నుంచి కొంచెం పైకి లాగించి చూస్తే వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయో లేదో తెలుస్తుంది. ఆకుల అడుగున తెల్లటి పొడి, జిగురు లేకుండా చూడండి. చెట్లయితే పది అడుగుల మొక్కకు పెట్టే డబ్బుతో నాలుగడుగుల మొక్కలు చాలా వస్తాయి, మూడేళ్లలో ఎత్తులో తేడా పోతుంది. మొత్తం తోటకు పాతిక రకాలు దాటనివ్వకండి. మాలికి ప్రతి రకం గుణం గుర్తుండాలంటే అంతకు మించి కుదరదు.

8. నాటే కాలం

బెంగళూరుకు నైరుతి వానలూ ఈశాన్య వానలూ రెండూ అందుతాయి. మేలో రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంతలు తీయించి ఎండనివ్వండి. మృగశిర కార్తెలో వాన పడ్డాక పై మట్టిలో మూడో వంతు చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపి నింపి నాటితే, నవంబరు దాకా వానలే చాలావరకు చూసుకుంటాయి. పొద నాటేటప్పుడు అది పూర్తిగా ఎదిగిన వెడల్పులో సగానికి మరో జానెడు కలిపి, అంత దూరం దారి అంచు నుంచి కొలవండి. ఇప్పుడు బోసిగా కనిపిస్తోందని దగ్గరగా నాటిస్తే రెండేళ్లకు కొమ్మలు దారి మీదకు వచ్చి చేతికర్రలకు తగులుతాయి. మొదలు చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు పరిపించి, కాండానికి నాలుగు వేళ్లు ఎడం వదలండి. మొదటి రెండు ఎండాకాలాలు చెట్లకు వారానికి రెండుసార్లు నీరు తప్పదు.

9. నాటిన తరువాత

ప్రతి మొక్క దగ్గర తెలుగులో, కన్నడలో, పెద్ద అక్షరాలతో పేరు రాసిన పలక నిలబడిన మనిషి కంటికి అందే ఎత్తున పెట్టించండి. తెలుగు చదివే నివాసులకూ, కన్నడం చదివే మాలికీ అది ఉపయోగపడుతుంది. దారి పక్క పొదల అడుగు భాగం మోకాలెత్తు దాకా కొమ్మలు తీసి శుభ్రంగా ఉంచాలి. పాములు దాగే వీలుండదు, రాలినవి ఊడ్చడం సులభం. అక్టోబరు వానల తరువాత చెట్ల నీడలో దారి పలకల మీద నాచు పడుతుంది. ఆ నెలలో వారానికోసారి గట్టి బ్రష్‌తో రుద్దించి, నీడ మరీ దట్టమైన చోట కొమ్మలు పలచన చేయించండి. గాలివానల ముందు, అంటే మార్చిలోనే, ఎండు కొమ్మలు తీయించాలి.

మరుసటి జూన్‌లో మళ్లీ అదే ప్లాను కాగితం తీసి, ఏ మొక్క ఎక్కడ చచ్చిపోయింది, ఏ బెంచీకి మనుషులు కొత్తగా వస్తున్నారు, ఎవరు ఏ మొక్క వల్ల ఇబ్బంది పడ్డారు అన్నది దాని మీదే రాయండి. ఒకే చోట రెండుసార్లు చచ్చిన మొక్కను మూడోసారి పెట్టకుండా అక్కడి మట్టినో, నీటినో పరీక్షించండి. కమిటీ మారినప్పుడు ఆ కాగితాన్ని, డ్రిప్ గొట్టాలు ఎక్కడెక్కడ పూడ్చి ఉన్నాయో చూపే పటంతో కలిపి, కొత్తవారికి సంతకం తీసుకుని అప్పగించండి.